బండి నా పేరున, నిర్ణయం ఎవరి పేరున?

(కేతేపల్లిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశంలో కారు రిపేరు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. భూమి గురించి, కూలి గురించి, ఇంట్లో దెబ్బల గురించి మాట్లాడుకోవలసిన చోట కారేమిటి అన్నారు. మనలో కారున్న వాళ్లు తక్కువన్నది నిజమే. కాని ఒక ఆస్తి ఆడదాని పేరు మీదికి వచ్చాక ఏం జరుగుతుందో నాకు ఈ కారు దగ్గరే తెలిసొచ్చింది.

నేను చీరలు అమ్ముతాను. పుట్టపాక, పోచంపల్లి నుంచి తెచ్చి సూర్యాపేట, మిర్యాలగూడ, ఖమ్మం దాకా తిరుగుతాను. చిట్టీ ఎత్తి, సంఘంలో అప్పు తీసుకుని 2019లో డీజిల్ క్రాసోవర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికే లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగిన బండి. ఇప్పుడు రెండు లక్షల అరవై వేలు దాటింది. క్రాసోవర్ అంటే చూడటానికి జీపులా ఎత్తుగా ఉంటుంది గాని లోపల పునాది మామూలు కారుదే. ఎత్తు చూసి మోసపోయి గుంతల్లో ఉరికిస్తే లింక్ రాడ్లు, బుష్‌లు ముందు పోతాయి. ముందు చక్రాల దగ్గర టకటక చప్పుడు వస్తే అవే అనుకోండి. పెద్ద ఖర్చు కాదు, నిర్లక్ష్యం చేస్తే మాత్రం టైర్లు కూడా తినేస్తుంది.

కొన్న వారంలోనే ఫారం 29, ఫారం 30 పెట్టి ఆర్‌సీ నా పేరున మార్పించుకున్నాను. 'ఇంట్లో ఎవరి పేరున ఉంటే ఏమైంది' అని మా వాళ్లే అన్నారు. ఏమైందో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యతా వాళ్లదే అని. బాధ్యత నాదైనప్పుడు అధికారం కూడా నాదే కావాలి కదా.

2023 ఏప్రిల్‌లో సూర్యాపేట నుంచి వస్తుంటే, ఇంకా కొర్లపహాడ్ టోల్‌గేటు దాకా కూడా రాలేదు, టెంపరేచర్ ఎర్రలైటు వెలిగింది. పక్కకు ఆపాను. వేడి మీద రేడియేటర్ మూత తియ్యలేదు, అంతవరకు తెలుసు నాకు. బండిని కట్టి ఒక పట్నంలోని పెద్ద వర్క్‌షాపుకు చేర్చాను. పేరు చెప్పను. అక్కడి అబ్బాయి నా మాట సగం విని, "సార్ నంబర్ ఇయ్యుండ్రి మేడం, ఆయనతోని మాట్లాడ్తం" అన్నాడు. 'బండి నాది, నా నంబరే రాసుకో' అన్నాను. రాసుకున్నాడు. అయినా సంఘం అప్పు కాగితాల మీద హామీదారుగా ఉన్న మా ఆయన నంబరు ఎట్లా పట్టుకున్నారో పట్టుకుని, ఆయనకే ఫోన్ చేశారు. మా ఆయనకు కారు నడపటం రాదు. హెడ్ గాస్కెట్ అంటే ఏమిటో తెలియదు. 'సరే, చెయ్యండి' అన్నాడు. మూడోరోజు నాకు 64,000 రూపాయల బిల్లు ఇచ్చారు. పాత సామాన్లు చూపించమంటే చెత్తలో పడేశామన్నారు.

ఇంటికొచ్చి అడిగితే, "ఏమో, పెద్ద షాపోళ్లు అడిగితే వద్దంటానా" అన్నాడు. పాపం, ఆయన తప్పు కూడా ఎంత? అడగకూడని మనిషిని అడిగారు.

నెల తిరగకముందే మళ్లీ అదే లైటు. ఈసారి రోడ్డు పక్క షెడ్డుకు తీసుకుపోయాను. ఆ మెకానిక్ ముందుగా ఆయిల్ గేజ్ తీసి నాకే చూపించాడు. గాస్కెట్ పోయి ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అది పాలు పోసిన టీ రంగులో ఉంటుంది. నాది మామూలు నల్లగానే ఉంది. తర్వాత థర్మోస్టాట్ విప్పి వేడినీళ్లలో వేశాడు. తెరుచుకోవలసింది తెరుచుకోలేదు. రేడియేటర్ లోపల తెల్లగా సున్నం పట్టి ఉంది. మొత్తం ఖర్చు 4,800.

ఆ సున్నం తప్పు నాదే. కూలెంట్ ఖరీదని బోరు నీళ్లు పోశాను. నల్లగొండ జిల్లా బోరు నీళ్లు మన పళ్లనూ ఎముకలనే వదల్లేదు, రేడియేటర్‌ను వదులుతాయా? కూలెంటే పొయ్యాలి, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. పాత డీజిల్ బండికి ఇంకో రెండు మాటలు. ఫిల్టర్‌లో చేరే నీళ్లు అప్పుడప్పుడు వదిలించాలి. హైవే మీద ఉరికించి వచ్చినప్పుడు టర్బో చల్లబడేదాకా ఒక నిమిషం ఇంజన్ నడవనిచ్చి ఆపాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనైతే కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చాల్సిందే. తెగితే ఇంజనే పోతుంది.

సంగతి అక్కడితో వదల్లేదు. నా దగ్గర నోటుబుక్కు ఉంది. ఏ రోజు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చాం, ఎంతయింది, అన్నీ రాసి బిల్లులు అంటించాను. ఆ పేజీల నకళ్లు పెట్టి వర్క్‌షాపుకు రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను. ఏ పరీక్ష చేసి గాస్కెట్ పోయిందని తేల్చారు? పాత సామాన్లు ఏవి? యజమానురాలి సంతకం ఏది? ఈ మూడే అడిగాను. 'మీది వ్యాపారం బండి, వినియోగదారుల కోర్టు మీకు వర్తించదు' అని బెదిరించారు. అది సరికాదు. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందికి రాదని 2019 చట్టంలోనే ఉంది. ఫిర్యాదు కూడా మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, వాళ్ల ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందుగా 1915కు ఫోన్ చేసి కూడా చెప్పుకోవచ్చు.

చివరికి 30,000 తిరిగిచ్చి, ఇక అభ్యంతరం లేదని సంతకం చేయించుకున్నారు. దసరా సరుకుకు డబ్బు కావాలి, చేశాను. చేయకుండా నల్లగొండ పోవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అన్నట్టు, ఈసారి సంతకం మాత్రం మా ఆయనను అడగలేదు, నాదే కావాలన్నారు.

షెడ్డులో చేయిస్తే నాసిరకం అని భయపెడతారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్ల జరిమానా వేసింది. ఎందుకని? విడిభాగాలు, పనిముట్లు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదని. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని పెట్టే షరతును కూడా తప్పుపట్టింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు పేరుతో పోర్టల్ పెట్టింది. మోటారు వాహనాలు అందులో ఒక విభాగం. పెద్ద కమిషన్లు చేసేది చేస్తాయి. జాబ్‌కార్డు మీద మాత్రం మనమే రాయించుకోవాలి: 'నా సంతకం లేకుండా అదనపు పని చేయరాదు, పాత సామాన్లు తిరిగి ఇవ్వాలి.' నేనిప్పుడు ఈ రెండు వాక్యాలు రాయించకుండా తాళం చెవి ఇవ్వను. మొదట్లో ముఖాలు చిట్లించారు. ఇప్పుడు నన్ను చూడగానే వాళ్లే రాసేస్తున్నారు.

నోటుబుక్కు ఇక్కడే బల్ల మీద ఉంది, చూడండి. బండి వేపచెట్టు కింద పెట్టాను, ఈపాటికి ఇంజన్ చల్లారి ఉంటుంది. చేతులకు నల్లగా అంటినా ఫరవాలేదనుకున్న వాళ్లు రండి, బానెట్ ఎత్తి ఆయిల్ గేజ్ ఎక్కడుంటుందో చూపిస్తాను.