ఒక ఆంగ్ల పల్లె జ్ఞాపకములు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఒక చిన్న గదిలో, రెండు బీరువాలతో ప్రారంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కోరిన కార్యదర్శిగారికి నా కృతజ్ఞతలు. "మీరు చాలకాలము సీమలో ఉండి వచ్చితిరి గదా, అచ్చటి విశేషమేదైనను చెప్పుడు" అని వారు సెలవిచ్చిరి. లండను నగరమును గూర్చి చెప్పుదునని మీరు తలచియుండవచ్చును. లండనును మీరు సినిమాలలో చూచియే యున్నారు. నేను చెప్పబోవునది ఒక కుగ్రామము. మన పెద్దవీధిలో ఒక ప్రక్కనున్న ఇండ్లపాటి ఇండ్లైనను అందులో లేవు. దాని పేరు హయ్యర్ బాక్‌హాంప్టన్.

ఇంగ్లండు దేశమునకు నైఋతి భాగమున డార్సెట్ అను సీమ కలదు. అందు ముఖ్యపట్టణము డార్చెస్టరు. ఉద్యోగరీత్యా నేను కొన్ని సంవత్సరములు ఆ పట్టణమున కాపురముంటిని. మన గ్రామము నన్ను కన్నది. ఆ పట్టణము నన్ను ఆదరించినది. కావున దానిని నా రెండవ స్వస్థలముగా భావింతును. దానికి ఈశాన్యమున సుమారు మూడు మైళ్ళ దూరములో నున్నది ఈ పల్లె. ఆదివారములందు వర్షము లేనిచో నేను కాలినడకను అచ్చటికి పోయెడివాడను.

ఆ దారిని కొంచెము మీకు చూపవలెను. పట్టణపు టంచున ఫ్రూమ్ అను చిన్న నది. దానిమీద గ్రేస్ బ్రిడ్జి అను రాతి వంతెన. ఆ వంతెనకు ఒక ఇనుప పలక బిగించి యున్నది. ఈ వంతెనకు బుద్ధిపూర్వకముగా హాని చేసినవారికి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధింపబడునని దానిమీద పోతపోసిన అక్షరములు చెప్పుచున్నవి. మనకు అండమాను ఎట్టిదో, ఆనాటి ఆంగ్ల నిరుపేదకు ఆస్ట్రేలియా అట్టిది. ఆ పలకను చదివినప్పుడెల్ల టాల్‌పడల్ అను గ్రామము నాకు గుర్తుకు వచ్చెడిది. అదియు ఆ ప్రాంతములోనిదే. అచ్చటి వ్యవసాయ కూలీలకు వారపు కూలి తొమ్మిది షిల్లింగుల నుండి ఎనిమిదికి, ఎనిమిది నుండి ఏడుకు తగ్గింపబడెను. ఆరే యిత్తుమని కూడ బెదిరించిరి. కూలీలు కూడి సంఘము పెట్టుకొనిరి. రహస్య ప్రమాణము చేసిరను నేరము మోపి, 1834 మార్చి నెలలో డార్చెస్టరు న్యాయస్థానమున ఆరుగురికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధించిరి. దేశమంతట అలజడి చెలరేగగా 1836లో వారికి క్షమాభిక్ష లభించెను. ఆ సీమ అందమును మీకు వర్ణించుటకు ముందే ఈ మాట చెప్పుట నా ధర్మము. పచ్చిక పచ్చగా నున్నంత మాత్రమున దానిని కోయు చేతులకు కడుపు నిండినదని అర్థము కాదు.

వంతెన దాటగానే ఏటిగట్టు పచ్చికబయళ్ళు. మన రైతుసోదరులకు ఇందొక వింత కలదు. ఆ దేశమున వర్షమునకు కొదువ లేదు గదా, అయినను వారు గడ్డికి నీరు పెట్టెడివారు! చలికాలములో చిన్న కాలువల ద్వారా నీటిని పచ్చికమీద పలుచగా పారించినచో మంచు పట్టదు. వసంతము రాకముందే గడ్డి ఎదిగి, ఈనిన గొఱ్ఱెలకు మేత దొరకును. తూములు ఎత్తుటకు, దించుటకు, కాలువలు సరిచేయుటకు ప్రత్యేకముగా ఒక మనిషి యుండెడివాడు. మన చెరువు క్రింద నీరుగంటి యెట్టివాడో, అతడును అట్టివాడే.

అటుపిమ్మట స్టిన్స్‌ఫర్డ్ అను చోట ఒక పురాతనమైన చర్చి. దాని తోటలో చెట్ల నీడన ఒక సమాధి. అందులో ఒక మనిషి హృదయము మాత్రమే ఖననము చేయబడినది. శరీరభస్మము లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, మహాకవుల నడుమ నున్నది. 1928 జనవరిలో ఆయన మరణించినప్పుడు, దేశము తన కవిని తనకిమ్మనెను. ఆయన మాత్రము తనవారి ప్రక్కనే పడుకొనవలెనని కోరియుండెను. తుదకు ఇట్లు పంచుకొనిరి. ఆయనయే థామస్ హార్డీ. మన కళాశాలలలో ఇంగ్లీషు చదివినవారికి ఆ పేరు క్రొత్తది కాదు. ఆయన పుట్టిన ఊరే మన హయ్యర్ బాక్‌హాంప్టన్.

చర్చి దాటి, తోటలవెంట నడచి, ఒక సన్నని బాటన పైకి పోయినచో బాట చివర ఒక ఇల్లు. ఇంటి వెనుక అడవి; అడవికి ఆవల పొదలతో నిండిన బీడు. ఆ బీడు మీదుగా పూర్వము రోమనులు వేసిన బాట జాడ నేటికిని కనిపించును. ఇల్లు 1800 ప్రాంతమున హార్డీ ముత్తాత తన కుమారునికై కట్టించినది. బంకమన్ను, సుద్ద, గడ్డి కలిపి కాళ్ళతో త్రొక్కి వేసిన మందపు గోడలు; గడ్డితో నేసిన కప్పు. మొదటిసారి దానిని చూచినప్పుడు నాకు పరదేశపు టింటిని చూచినట్లు తోచలేదు. మట్టిగోడను, గడ్డికప్పును ఎరుగని పల్లె భూమిమీద ఎక్కడ నున్నది?

1840 జూన్ 2వ తేదీన హార్డీ ఆ యింట జన్మించెను. బిడ్డ చనిపోయి పుట్టెనని వైద్యుడు ప్రక్కన పెట్టివేయగా, పురిటికి సాయము వచ్చిన స్త్రీ చూచి "ఆగుడు, వీడు బ్రతికియే యున్నాడు" అన్నదట. మరియొక నాటి యెండలో తల్లి బయటనుండి వచ్చి చూడగా, నిద్రించు శిశువు రొమ్ముమీద పెద్ద పామొకటి చుట్టచుట్టుకొని తానును నిద్రించుచుండెనట. మన పెద్దలైనచో వెంటనే జాతకము వ్రాయించి యుందురు!

తండ్రి తాపీపని చేయించు మేస్త్రి. తల్లి జెమీమా కడు పేదరికమున పెరిగినది; పెండ్లికి ముందు పెద్దల యిండ్లలో వంట చేసినది. అయినను ఆమెకు పుస్తకములన్న ప్రాణము. కుమారునికి ఎనిమిదేండ్లు నిండు నాటికి, వర్జిల్ మహాకావ్యమునకు డ్రైడెన్ చేసిన ఆంగ్లానువాదము వంటి పుస్తకములను అతని చేతబెట్టినది. 1850లో ఆ బాలుడు డార్చెస్టరు బడిలో చేరి, ప్రతిదినము రానుపోను ఆ మూడేసి మైళ్ళు నడువసాగెను. ఇంగ్లండులో మొట్టమొదటి ప్రజాగ్రంథాలయ శాసనము వెలువడినదియు ఆ 1850లోనే. కాని ఆ శాసనము ఫలము అట్టి కుగ్రామమునకు చేరుటకు చాలకాలము పట్టెను. ఆ యింటిలో గ్రంథాలయమన్నను, గ్రంథపాలకురాలన్నను తల్లియే.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాను.

హార్డీ తాత, తండ్రి, తండ్రి సోదరుడు సంగీతజ్ఞులు. తాత పెద్ద వాయులీనము వంటి తంత్రీవాద్యమును, తండ్రి వాయులీనమును వాయించెడివారు. ఆదివారము స్టిన్స్‌ఫర్డ్ చర్చిలో భజన మేళము వారిదే. వారమంతయు రాయి చెక్కిన చేతులు, ఆదివారము కమాను పట్టెడివి. క్రిస్మసు రాత్రి మంచులో ఇంటింటికి తిరిగి పాడెడివారు. పెండ్లిండ్లకు, పంటల పండుగలకు నృత్యగీతములు వాయించెడివారు. 1840 దాటిన కొలది కాలమునకే చర్చివారు ఆ మేళమును మాన్పించిరి. ఆనాడు పెక్కు చర్చిలలో ఇట్లే ఒక్కరు వాయించు ఆర్గను వచ్చి పల్లెటూరి మేళములను త్రోసివేసెను. సన్నాయి మేళమును మాన్పించి మైకులో పాటలు పెట్టిన పెండ్లిని మీరందరును చూచియే యున్నారు. అట్టిదే యని తలచుడు.

ఆ మేళము కథను హార్డీ తన నవలలో చిత్రించెను. 1872లో వెలువడిన ఆ నవలలో స్టిన్స్‌ఫర్డ్‌కు మెల్‌స్టాక్ అని పేరు మార్చెను. అది చదివినవారికి ఆ వాద్యకాండ్ర వేళాకోళము, వారి రోషము, తమను త్రోసివేయుచున్నారని తెలిసినప్పటి బాధ, కనులయెదుట జరిగినట్లుండును. కాని ఒక్కటి గమనింపుడు. ఆ మేళము ఆగిపోవునాటికి హార్డీ ఊయలలోని బిడ్డ! అతడు దానిని ఎరుగడు. తాతనైతే చూడనే లేదు. ఆయన 1837లోనే గతించెను. మరి ఇదంతయు ఎచ్చటనుండి వచ్చినది? తల్లిదండ్రులు చెప్పగా విని, గుర్తుంచుకొని వ్రాసినది. నాయనమ్మ వారి యింటనే యుండెడిది. నెపోలియను దండెత్తి వచ్చునన్న భయముతో ఆ తీరమంతయు మేలుకొనిన దినములను ఆమె ఎరుగును. పొయ్యి దగ్గర కూర్చుండి ఆమె చెప్పిన ముచ్చటలు, తరువాత ఆయన నవలకు, కవితలకు పునాదులయ్యెను. అంతటితో తృప్తిపడక, లండనులోని వృద్ధసైనికుల ఆశ్రమమునకు పోయి, వాటర్లూ యుద్ధమున పోరాడి మిగిలిన ముసలివారిని అడిగి తెలిసికొనెను. చూచినవాడు చెప్పకుండినను, విన్నవాడు అడుగకుండినను, ఆ లోకము నేడు మనకు దక్కి యుండెడిది కాదు.

ఆ పల్లెలు ఎట్లు చెదరిపోయినవో కూడ ఆయనయే వ్రాసిపెట్టెను. అచ్చటి ఇండ్లు పెక్కు భూస్వాములవి. వడ్రంగి, కమ్మరి, చెప్పులు కుట్టువాడు, మేస్త్రి మొదలగు వృత్తులవారు ఆ యిండ్లను "మూడు ప్రాణముల కౌలు"కు పుచ్చుకొనెడివారు. కౌలు పత్రములో ముగ్గురి పేర్లు వ్రాయుదురు. ఆ ముగ్గురిలో కడపటివాడు కన్నుమూసిన నాడు, ఆ యిల్లు భూస్వామి వశమగును. హార్డీ కుటుంబమువారి యిల్లును ఇట్టి కౌలుదే. శవము లేచిన యింటనుండియే సామానును లేచెడిది. ఇట్లు తరతరముల కాపులు పట్టణములకు పోయిరి. వ్యవసాయ కూలీల గతి మరియొక విధము. ఫిబ్రవరి నెలలో డార్చెస్టరులో కూలీల సంత జరిగెడిది. అందు ఏడాదికి కుదిరి, ఏప్రిల్ 6వ తేదీన సామాను బండికెత్తి క్రొత్త ఊరికి తరలెడివారు. మరుసటి యేడు వేరొక ఊరు. 1883లో వ్రాసిన యొక వ్యాసములో హార్డీ ఈ వలసలను వర్ణించెను. వలసవలన కూలివానికి కొంత స్వాతంత్ర్యము, కొంత లోకజ్ఞానము కలిగెనని ఆయన నిష్పక్షపాతముగా ఒప్పుకొనెను. కాని స్థిరముగా నున్నవారు పోయి తిరుగాడువారు వచ్చుటచే ఊరి కథలు, ఆచారములు, మనుష్యుల నడుమ బంధములు తెగిపోయినవని వేరొక చోట విచారించెను. ఏ పొలమునకు ఏ పేరు ఎందుకు వచ్చినదో చెప్పువాడు లేడు. చెప్పినను వినువాడు లేడు.

ఆయన వ్రాత సాధనముల సంగతి కూడ చెప్పవలెను. 1874లో ప్రసిద్ధి తెచ్చిన నవలను ఆయన ఈ బాక్‌హాంప్టన్ యింటిలోనే వ్రాసెను. ఆరుబయట తిరుగునప్పుడు భావము పొంగి, చేత కాగితము లేకున్నచో, ఎండిన పెద్ద ఆకులమీద, కట్టెలు కొట్టువారు విడిచిన తెల్లని చెక్కపేళ్ళమీద, రాతి పలకలమీద వ్రాసికొనెడివాడట. తాటియాకుమీద భారతమును నిలుపుకొనిన జాతివారము మనము. ఈ ముచ్చట మనకంటె ఎక్కువగా ఎవరికి రుచించును?

ఆ యిల్లు 1948 నుండి నేషనల్ ట్రస్టు అను సంస్థ సంరక్షణలో నున్నది. ఆ కుటుంబమువారు వాడిన సంగీతపు చేతివ్రాత పుస్తకములును భద్రపరుపబడియున్నవి. ఆ పాటలను నేటికిని వాయించువారు కలరు. వాయించిన చేతులు మట్టిలో కలిసి నూరేండ్లు దాటినను, స్వరము మిగిలినది. నాలుగు ఇండ్ల పల్లెకు లోకమంతట పాఠకులు కలిగిరి. అచ్చట రాజు పుట్టలేదు, యుద్ధము జరుగలేదు. అడిగిన బాలుడొకడు, చెప్పిన పెద్దలు కొందరు, అంతియే.

సోదరులారా! మన గ్రంథాలయములో లోకములోని పుస్తకములు చాల నున్నవి. మన ఊరి పుస్తకమొక్కటియు లేదు. మన పిల్లలు హైదరాబాదునకు, అమెరికాకు పోవుచున్నారు. పోవలదని చెప్పుటకు నాకు నోరు లేదు. నేనును అట్లు పోయినవాడనే. కాని మన పొలముల పేర్లు, చెరువు తూముల పేర్లు, నాట్లనాటి పాటలు, మగ్గమునకును కపిలకును సంబంధించిన మాటలు, ఏ యింటివారు ఏ కరవులో ఎచ్చటనుండి వచ్చిరన్న సంగతులు, కొందరు వృద్ధుల తలలలో మాత్రమే మిగిలియున్నవి. వారి ప్రాణములమీదనే మన ఊరి జ్ఞాపకము కౌలుకున్నది. కడపటివారు కన్నుమూసిన నాడు ఆ కౌలు తీరిపోవును. ఆ పిమ్మట ఎంత ధనము పోసినను అది తిరిగిరాదు.

కావున కార్యవర్గమువారికి నాదొక విన్నపము. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము గ్రంథాలయములో ఒక పెద్ద పుస్తకమును కుట్టించి "గ్రామ స్మృతి" అని పేరు పెట్టుడు. ప్రతి ఆదివారము ఇద్దరు విద్యార్థులు ఒక వృద్ధుని యింటికి, ఒక వృద్ధురాలి యింటికి పోయి, అడిగి, విని, వారు చెప్పిన మాటలలోనే వ్రాయవలెను. అన్ని వాడలకును పోవలెను. ఏ వాడ మాట వ్రాయకుండునో ఆ మేరకు ఊరు అసంపూర్ణము. పాటలైనచో జేబులోని సెల్‌ఫోనులో పట్టవచ్చును. హార్డీకి ఆ సౌకర్యమైనను లేదు. బీరువాకు, కాగితమునకు అగు వ్యయమును నేను భరింతును. శ్రమ మీది.

స్వర్ణోత్సవమునాటికి మనలో ఎందరముందుమో తెలియదు. ఆనాడు ఈ వేదిక ముందు కూర్చుండు పిల్లలు ఆ పుస్తకమును తెరచినచో, మనమందరము అందులో మాటలాడుచుందుము.