చెరువు ఒకరిది, నీరు అందరిదీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా సాంకేతిక విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను ముప్పై ఏళ్లుగా మోటార్లు, పంపులతో పనిచేస్తున్న ఎలక్ట్రికల్ ఇంజనీరుని. ఈ హాల్లో చెరువు ఉన్నవారు, చెరువు కౌలుకిచ్చినవారు, చెరువు మీద అప్పున్నవారు చాలామందే ఉన్నారు. అందుకే రొయ్యల, చేపల సాగు గురించే మాట్లాడదామనుకున్నాను. ముఖ్యంగా రెండు మూడెకరాల చిన్న రైతు గురించి.

ఇది మన ఒక్క జిల్లా సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో పెంచిన చేపలు, రొయ్యలు మొదలైన జలచరాలు 9.44 కోట్ల టన్నులు. వేటాడి పట్టినదానికంటే పెంచినది ఎక్కువ కావడం అదే మొదటిసారి. అందులో సింహభాగం ఆసియాదే. బంగ్లాదేశ్‌లో ఖుల్నా వైపు 'ఘేర్' రైతుకైనా, వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతుకైనా, మన గోదావరి, కృష్ణా డెల్టాల రైతుకైనా కష్టం ఇంచుమించు ఒకటే. భూమి తక్కువ, మేత అప్పు మీద, ధర నిర్ణయించేది ఎక్కడో దూరంగా ఉన్న కొనుగోలుదారు.

ఇప్పుడొక చిన్న లెక్క చెబుతాను. మన లెక్కల మాస్టారు తప్పుంటే దిద్దాలి. ఎకరం చెరువులో అయిదడుగుల నీళ్లుంటే సుమారు 60 లక్షల లీటర్లు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉందనుకుంటే మొత్తం చెరువులో ఉన్న ఆక్సిజన్ 30 కిలోలు. అంతే. లక్షల రూపాయల పంట ఆ 30 కిలోల మీద బతుకుతోంది.

ఆ 30 కిలోలు కూడా రొయ్య ఒక్కటే వాడుకోదు. నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే ప్లాంక్టన్, అడుగున బురదలో ఉండే సూక్ష్మజీవులు అంతకంటే ఎక్కువ వాడుకుంటాయి. పగలు ఎండలో ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకితే అదే తిరిగి పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. ముసురు పట్టిన రోజుల్లో పగలు తయారయ్యేదే తక్కువ కనుక రాత్రి ప్రమాదం ఇంకా ఎక్కువ. రొయ్యలు తేలాయని గట్టు మీద కేకలు వినిపించేది ఆ వేళప్పుడే.

ఏరియేటర్ల విషయంలో వాడుకలో ఉన్న లెక్క, ఒక హార్స్‌పవర్‌కు 400 నుంచి 500 కిలోల రొయ్య. ఎకరాకు రెండు టన్నులు ఆశించే రైతుకు నాలుగైదు హార్స్‌పవర్ కావాలి. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నీటిలో ఆక్సిజన్ ఎంత తక్కువగా ఉంటే ఏరియేటర్ అంత బాగా ఎక్కిస్తుంది. మంచి ఎండలో, మధ్యాహ్నం మూడింటికి, నీరు పట్టగలిగిన దానికంటే ఎక్కువ ఆక్సిజన్ ఉన్నప్పుడు, అదే చక్రం దాన్ని గాలిలోకి వదిలేస్తుంది. పైనీరు, కిందినీరు కలపడానికి పగలు కాసేపు తిప్పడం వేరు. అసలు కరెంటు ఖర్చు పెట్టాల్సింది అర్ధరాత్రి నుంచి సూర్యోదయం వరకు. ఎప్పుడు తిప్పాలో మీటరు చెబుతుంది. నేను చూసిన చిన్న చెరువుల్లో మోటారు ఉంది, స్టార్టరు ఉంది, ఆక్సిజన్ మీటరు మాత్రం చాలాచోట్ల లేదు.

ఇంతవరకూ చెప్పింది ఒక రైతు తన గట్టు లోపల చేసుకోగలిగింది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది గట్టు దాటిన తర్వాత సంగతి.

మనం వేసే మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది ఇంచుమించు నాలుగో వంతు. మిగిలింది అమ్మోనియాగా, బురదగా చెరువులోనే ఉండి, చివరికి డ్రెయిన్లో పడుతుంది. మనలో చాలామందికి నీళ్లు తోడుకునే కాలువ, నీళ్లు వదిలే కాలువ ఒక్కటే. ఒకరి మురుగు మరొకరి కొత్తనీరు.

1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చినప్పుడు టైగర్ రొయ్య ఎలా తుడిచిపెట్టుకుపోయిందో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక మళ్లీ చెరువులు నిండాయి. ఇప్పుడు ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి పట్టుకుంది. అది రొయ్యను వెంటనే చంపదు, ఎదగనివ్వదు. మేత తింటుంది, కౌంటు రాదు. దానికి మందు లేదు.

మా బ్యాచ్ మిత్రుడొకడు నలభై అయిదో రోజున పంట పోగొట్టుకున్నాడు. ఎగువన ఒక చెరువుకు జబ్బు వస్తే ఆ రైతు రాత్రికి రాత్రే వంద కౌంటుకే పట్టేసి నీళ్లు డ్రెయిన్లోకి వదిలాడు. తెల్లారి మావాడు అదే డ్రెయిన్లో పంపు వేశాడు. ఎగువ రైతు దుర్మార్గుడు కాదు. అతనికీ అప్పుంది, తర్వాతి పంటకు చెరువు ఎండాలి. తన చెరువులో జబ్బుందని నలుగురికీ చెబితే వ్యాపారి ధర కోస్తాడని భయం. చెప్పకపోవడమే లాభమనిపించే ఏర్పాటులో ఎవరు మాత్రం చెబుతారు?

ఈ ముడి విప్పిన ఊరు మనకు దూరంలో లేదు. 2002లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా, ఆసియా-పసిఫిక్ దేశాల ఆక్వా సంస్థ నాకా కలిసి మొగల్తూరులో కొద్దిమంది చిన్న రైతులతో ఒక ప్రయత్నం మొదలుపెట్టాయి. రైతులు ఆక్వా క్లబ్బుగా ఏర్పడ్డారు. చెరువు ఎండబెట్టి అడుగున నల్లమట్టి తీయడం, పరీక్ష చేయించిన సీడును కలిసి కొనడం, ఒకే సమయంలో వదలడం, జబ్బు వస్తే పక్కవారికి చెప్పడం, ఆ నీళ్లు వదలకుండా ఆపడం. ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. జబ్బులు తగ్గాయి, పద్ధతి పక్క ఊళ్లకు, తర్వాత పక్క రాష్ట్రాలకు పాకింది. ఆ అనుభవంతోనే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా సంస్థ వచ్చింది.

వరి రైతును కూడా మరిచిపోకూడదు. ఉప్పునీటి చెరువు పక్కన చేను చవుడు బారితే, ఊరి మంచినీటి చెరువు ఉప్పెక్కితే, మన లాభం పక్కవాడి నష్టమవుతుంది. 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ అదే. 2006లో కొల్లేరులో చెరువు గట్లకు గండ్లు కొట్టిన రోజులూ మనకు తెలుసు. హద్దు ముందుగా మనం గీసుకోకపోతే తర్వాత పొక్లెయిన్ వచ్చి గీస్తుంది. కేరళలో పొక్కాలి పొలాల్లో వానాకాలం వరి, నీరు ఉప్పెక్కే కాలంలో రొయ్య పండిస్తారు. దిగుబడి తక్కువే, కానీ వరి దుబ్బులు రొయ్యకు, రొయ్య వదిలింది వరికి పనికొస్తాయి. మన నేలకు అది అచ్చంగా సరిపోతుందనను. ఆ ఆలోచన మాత్రం చూడదగ్గది.

ఇక మూడు మాటలు అడిగి ముగిస్తాను. ఒకటి, ఒక డ్రెయిన్ మీద ఆధారపడ్డ రైతులంతా ఏడాదికి రెండుసార్లు కూర్చుని సీడు వదిలే తేదీ, నీళ్లు వదిలే తేదీ అనుకోండి. చిన్న రైతు ఒక్కడూ నీరు తేర్చే గుంటకు భూమి కేటాయించలేడు. పదిమంది కలిస్తే అర ఎకరం దొరుకుతుంది. ముగ్గురికి ఒక జనరేటరు కూడా సాధ్యమే. రెండు, ప్రతి చెరువుకూ ఒక నోటు పుస్తకం పెట్టండి. తెల్లవారుజామున ఆక్సిజన్, వేసిన మేత, చచ్చిన రొయ్యల లెక్క రాయండి. బ్యాంకుతోనో బీమాతోనో మాట్లాడేటప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది.

మూడోది మన బడికి సంబంధించింది. హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే, మన సంఘం సైన్సు ల్యాబుకు నీటి పరీక్షల కిట్లు కొనిద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలు వారానికొకసారి డ్రెయిన్లో ఎగువ ఒకచోట, దిగువ ఒకచోట నీరు తెచ్చి ఉప్పుదనం, పీహెచ్, అమ్మోనియా చూసి పంచాయతీ బోర్డు మీద రాస్తారు. పేర్లక్కరలేదు, అంకెలు చాలు. పంపు వేసేముందు రైతు ఆ బోర్డు చూసుకుంటాడు. ఆక్సిజన్ మీటరు ఒకటి నేనిస్తాను. దాన్ని వాడడం నేర్పడానికి వచ్చే సెలవుల్లో నాలుగు రోజులు ఇక్కడే ఉంటాను.

చిన్న రైతు వరసగా రెండు పంటలు పోగొట్టుకుంటే చెరువు లీజుకిచ్చి హైదరాబాదులో కాపలా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. అతని పిల్లలు ఈ బడిలోనే చదువుతున్నారు. వాళ్లు ఇక్కడే ఉండి చదువుకోవాలంటే ఆ డ్రెయిన్ సంగతి మనం మాట్లాడుకోవాలి. భోజనాల తర్వాత ఆసక్తి ఉన్నవాళ్లు వెనక వరండాలోకి రండి. కాగితం, కలం తెచ్చాను, పేర్లు రాసుకుందాం.