వెళ్ళి వస్తాను



తెలుగువాడు ఇల్లు విడిచేటప్పుడు 'వెళ్తాను' అని ఊరుకోడు. 'వెళ్ళి వస్తాను' అంటాడు. పిల్లలెవరైనా తెలియక 'పోతాను' అంటే పెద్దలు వెంటనే అడ్డుపడి, 'పోతాననరాదు, పోయి వస్తానను' అని దిద్దుతారు. 'పోవు' అనే క్రియకు మరణమనే అర్థం కూడా ఉండడమే ఇందుకు కారణం. కాలిపోయింది, విరిగిపోయింది, చెదిరిపోయింది అన్న మాటలలో ఆ క్రియే నష్టాన్ని కూడా సూచిస్తుంది. కనుకనే బయలుదేరే క్షణాన తిరిగి రావడాన్ని సైతం నోట పలికించడం తెలుగు ఇళ్ళలో ఆచారమైనది. అయితే ఆ మాటకు బదులుగా 'వెళ్ళి రా' అని చెప్పడానికి గడపలో ఒకరు నిలిచి ఉండాలి. ఊరు ఊరంతా ఒకేసారి కదలవలసి వస్తే ఆ మాట ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్నకు బాసగూడ ఒక ఉదాహరణ. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలో తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరు అది. అక్కడినుంచి దక్షిణంగా ప్రవహించే ఆ నది తెలంగాణలో ప్రవేశించి, చర్ల సమీపాన ఆనకట్టకు నీరిచ్చి, గోదావరిలో కలుస్తుంది. నీరు సరిహద్దు దాటినందుకు దానిని 'వలస వచ్చిన నీరు' అని ఎవరూ అనరు. ఆ ప్రాంతపు మాటలకూ సరిహద్దు అడ్డం కాలేదు. దక్షిణ బస్తరు దొర్లలు గోదావరి తీరపు కోయలకు దగ్గరివారు; వారి పలుకులో తెలుగు పాలు ఎక్కువ. గోండీలో రావడాన్ని తెలిపే 'వా' అనే ధాతువూ, తెలుగులోని 'వచ్చు' అనే క్రియా ఒకే ద్రావిడ మూలంనుంచి పుట్టినవి. 'రమ్మని' పిలిచే మాటలో ఈ రెండు జనాలూ ఏనాటినుంచో చుట్టాలే.

బస్తరు కూలీలు మిరపకాయ కోతలకు గోదావరి తీరానికి రావడం ఏటా జరిగేదే. కోతలు ముగిసిన తరువాత కూలి డబ్బుతో తిరిగి ఊరు చేరుతారు. 'వెళ్ళి రావడం' అన్న మాటకు ఇది చక్కని నిదర్శనం.

2005లో ఆ మాట సగానికి తెగింది. ఆ సంవత్సరం జూన్ నెలలో బీజాపూర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం ఆరంభమైనది. రెండు వైపుల హింస నడుమ పల్లెలు ఖాళీ అయినవి. కొందరు రోడ్డు పక్క శిబిరాలు చేరారు. కొందరు అడవిలోకి వెళ్ళారు. కొందరు సరిహద్దు దాటి నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాకు వచ్చారు. అట్లా ఖాళీ అయిన ఊళ్ళలో బాసగూడ ఒకటి. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా మావోయిస్టులపై నియోగించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాత కొన్ని కుటుంబాలు సొంత ఊళ్ళకు మరలినవి. అనేకులు గోదావరి వైపుననే ఉండిపోయారు. తెలంగాణలో వారిని గుత్తికోయలు అంటారు.

క్రియాపదం మాట్లాడేవాడు ఎక్కడ నిలిచి ఉన్నాడో చెబుతుంది. బాసగూడలో నిలిచి చూస్తే వారు 'వెళ్ళినవారు'. చర్లలో నిలిచి చూస్తే 'వచ్చినవారు'. అంతేకాదు, ఎవరు కదిలారన్న దానినిబట్టి కూడా మాట మారుతుంది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం. దంతేశ్వరీదేవి ఆయన వెంట నడిచిందనీ, వెనుదిరిగి చూడరాదన్న నియమం పెట్టిందనీ, శంఖిని డంకిని నదుల ఇసుకలో అందెల సవ్వడి వినపడకపోగా రాజు వెనుకకు చూచాడనీ, దేవి అక్కడే నిలిచిపోయిందనీ కథ. ఓడిన రాజ్యంనుంచి తెలుగునేల విడిచి వెళ్ళిన రాజుకు దక్కిన మాట 'రాజ్యస్థాపన'. దాదాపు ఏడు శతాబ్దాల తరువాత ఎదురు దిశలో నడిచిన పేదవానికి దక్కిన మాట 'వలస'. వెనుకకు తిరిగి చూడడం మాత్రం ఇద్దరికీ సమానమే.

ఇతరుల నేలపై 'వచ్చినవాడు' అనిపించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. బర్మాలోని రంగూనును ఉత్తరాంధ్ర పల్లెలు 'రంగం' అన్నవి. పని వెదుకుతూ వెళ్ళిన తెలుగువారిని ఆ దేశంలో, వారు ఓడ ఎక్కిన గోదావరి ముఖద్వారపు రేవు కోరంగి పేరిట, 'కోరంగీలు' అని పిలిచారు. ఎన్ని తరాలు గడిచినా వారి పేరు బయలుదేరిన రేవు దగ్గరనే ఆగిపోయింది. 1942లో జపాను సేనలు బర్మాను ముట్టడించినప్పుడు లక్షలాది భారతీయులు ఇంటిదారి పట్టారు. కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చినవారు అనేకులు. నేడు 'అమెరికా వెళ్ళాడు' అనే మాటలో గర్వం వినిపిస్తుంది. 'పారిపోయి వచ్చారు' అనే మాటలో అనుమానం వినిపిస్తుంది. కాళ్ళు చేసిన పని ఒకటే.

చట్టం ఈ క్రియలను ఎట్లా చూస్తుంది? భారత రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతటా సంచరించే హక్కునూ, ఏ భాగంలోనైనా నివసించే హక్కునూ పౌరునికి ఇచ్చింది. సార్వజనిక ప్రయోజనం కోసమూ షెడ్యూల్డు తెగల రక్షణ కోసమూ సహేతుకమైన పరిమితులకు చోటు ఉంచింది. కాగా 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల గుర్తింపు ఆయా రాష్ట్రాలకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి మహారాష్ట్రకు వెళ్ళిన ఒక విద్యార్థి వ్యాజ్యంలో, ఒక రాష్ట్రంలోని ఆ గుర్తింపు మరొక రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. అటవీ హక్కుల చట్టం సాగుభూమిపై హక్కుకు 2005 డిసెంబరు 13కు పూర్వపు ఆక్రమణను ప్రమాణంగా పెట్టింది. ఆ తేదీ తరువాత వచ్చి అడవి కొట్టుకొని విత్తిన కుటుంబానికి ఆ చట్టం కింద హక్కు లేదు. మనిషి సరిహద్దు దాటగలడు; అతని గుర్తింపూ, భూమీ దాటలేవు.

ఈ నియమాలకు కారణం లేకపోలేదు. స్థానిక కోయల భూమినీ అవకాశాలనూ, ఇప్పటికే తరిగిన అడవినీ కాపాడవలసినదే. అయినా 2006లో తల్లి చంకనెక్కి వచ్చిన బిడ్డ నేడు ఓటు వేసే వయస్సు దాటాడు. గోదావరి వైపుననే పుట్టిన అతని తమ్ముడు ఏ ఊరినుంచీ రాలేదు. వారినింకా 'వచ్చినవారు' అనడం వ్యాకరణరీత్యా కూడా తప్పే.

వెళ్ళు, వచ్చు అనే రెండు క్రియలకు నడుమ తెలుగులో 'ఉండు' అనే మరొక క్రియ ఉన్నది. ఊరికి తిరిగి వెళ్ళగోరినవారికి నిర్భయంగా 'వెళ్ళి రండి' అనగల రోజు రావాలి. తిరిగి వెళ్ళలేనివారికి బడి, మందు, మంచినీరు అందిస్తూ, స్థానికుల హక్కుకు భంగం కలుగని మార్గం వెదకుతూ, 'ఉండండి' అని చెప్పగలగాలి. జాతీయ సమైక్యత అన్న పెద్దమాటకు ఆ సరిహద్దు పల్లెలలో అర్థం ఈ చిన్న క్రియయే.