రంగు వేసే ముందు రిమ్ము చూడండి
(సంఘ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ బకాయిల గురించీ, వైద్య బిల్లుల గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి కాస్త మార్పుగా, ఇంటిపట్టున చేసుకోదగ్గ పని ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ముప్ఫైనాలుగేళ్లు బస్సు డిపో గ్యారేజీలో గ్రీజు పూసుకున్నవాణ్ని కనుక నాకు చక్రాలు తప్ప వేరే శాస్త్రం తెలియదు. అందుచేత స్కూటరు, కారు ఇనుప చక్రాలకు ఇంట్లోనే రంగు వేసుకోవడం గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

మనలో చాలామంది ఇళ్లలో గేర్ల స్కూటరు ఇంకా ఉంది. చేతక్ మొదట 1972లో వచ్చింది, 2009 ప్రాంతంలో ఆ గేర్ల బళ్ల తయారీ ఆగిపోయింది. 2020లో అదే పేరుతో వచ్చింది కరెంటు బండి, దాని సంగతి వేరు. మన పాత బళ్లకు పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆఫీసుకు తీసుకెళ్లే ముందు బండిని కాస్త ముస్తాబు చేద్దామనిపిస్తుంది, ముందు కంటికి కనబడేది తుప్పు పట్టిన రిమ్ములే. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశాక మనకు తీరికే, వానలూ వెనకబడతాయి. రంగు పనికి అంతకన్న మంచి రోజులు లేవు. ముసురు పట్టిన రోజు వేస్తే రంగు మీద తెల్లటి మబ్బులాంటి పొర వస్తుంది. మిట్టమధ్యాహ్నం కాలిన రిమ్ముమీద వేస్తే కుంచె గీతలు గీతలుగానే ఉండిపోతాయి. మంచు ఆరిపోయాక, ఎండ ముదరక ముందు, ఆ మధ్య వేళ మంచిది.

స్కూటరు వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ముందు చక్రం, వెనక చక్రం, స్టెప్నీ మూడూ ఒకటే కొలత. స్టెప్నీ తగిలించి ఒక్కొక్క చక్రాన్నే తీసి తీరికగా చేసుకోవచ్చు, బండి ఆగనక్కరలేదు. అన్నట్టు ఈ స్టెప్నీ అనే మాట వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్లో ఒక వీధి పేరు. ఆ వీధిలోని కంపెనీ 1904 ప్రాంతంలో అదనపు చక్రం తయారు చేసింది. అక్కడివాళ్లు ఆ మాట ఎప్పుడో మరిచిపోయారు, మనం మాత్రం వదల్లేదు.

ఇక పనిలోకి వస్తాను. స్కూటరు రిమ్ము రెండు పళ్లేలను బోర్లించి నట్లతో కలిపినట్టు ఉంటుంది. అందుచేత చక్రానికి రెండు రకాల నట్లుంటాయి. ఒక వరస చక్రాన్ని డ్రమ్ముకు పట్టి ఉంచేది, రెండో వరస ఆ రెండు పళ్లేలను ఒకదానికొకటి పట్టి ఉంచేది. గాలి ఉండగా రెండో వరస విప్పారా, లోపలి గాలి ఆ పళ్లేలను మొహం మీదికి విసిరికొడుతుంది. చక్రం బండి నుంచి ఊడదీశాక, వాల్వు లోపలి పిన్ను పూర్తిగా తీసేసి, టైరును కాలితో తొక్కి, గాలి చుక్క లేదని తెలిశాకే పానా పట్టుకోండి. పిన్ను నొక్కి బుస్సుమనిపిస్తే చాలదు. లాక్ రింగు ఉన్న బస్సు చక్రాలకు గాలి పట్టేటప్పుడు వాటిని ఇనప బోనులో పెట్టేది ఇందుకే. చిన్న చక్రమని చులకన చేయకండి. మనవళ్లు సాయం చేస్తామని వచ్చినా, ఈ ఒక్క మెట్టు మీరే దగ్గరుండి చేయించండి.

విప్పాక పాత రంగు, తుప్పు తీయాలి. పొడిగా గీకవద్దు. పాత రంగుల్లో, ముఖ్యంగా సిందూరం కలిపిన పాత ప్రైమర్లలో, సీసం ఉంటుంది. ఆ ధూళి పసిపిల్లల మెదడుకు చేటు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు, 2017 నవంబరు నుంచి అమలు. అయితే అది ఇంటి రంగులకు సంబంధించినది, మీ చక్రం మీద ఎప్పుడో పడ్డ పూతకు అది వర్తించదు. అందుకని నీళ్లతో తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దండి. మొదట 120 నంబరు, తరువాత 220. కింద పాత దినపత్రికలు పరచండి, ఆ మడ్డిని మొక్కల్లో పారబోయకండి. పైపై తుప్పుకు ఇత్తడి చెంబులు తోమే చింతపండు కూడా పనిచేస్తుంది, కాని వెంటనే కడిగి ఆరబెట్టకపోతే గంటలో మళ్లీ ఎరుపెక్కుతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న విషయం. రంగు డబ్బా మూత తీయడానికి ముందు, ఇనుము బయటపడి ఉన్నప్పుడే, రిమ్మును పరీక్షించాలి. ఇంత మంచి అవకాశం మళ్లీ చాలా ఏళ్లకు గాని రాదు. చూడవలసింది స్టడ్డు రంధ్రాల చుట్టూ. రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా? రంధ్రం అంచు నుంచి వెంట్రుకలాంటి గీత బయలుదేరిందా? కారు చక్రమైతే మధ్య పళ్లేన్ని రిమ్ముకు అతికిన వెల్డింగు దగ్గర, గాలి తగలడానికి పెట్టిన కంతల దగ్గర కూడా చూడాలి.

కంటికి ఆనని బీట కోసం ఒక పాత పద్ధతి ఉంది. పూర్వం రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులూ చక్రాలూ ఇలాగే చూసేవారు. కిరసనాయిలు, అది ఈ రోజుల్లో దొరకడం కష్టం కనుక డీజిలైనా సరే, రంధ్రాల చుట్టూ బాగా పూసి అరగంట వదిలేయండి. తరువాత పొడిగుడ్డతో చుక్క లేకుండా తుడిచేయండి. బడిలో వాడే సుద్దముక్కను పొడి చేసి పల్చగా చల్లండి. ఒకటి రెండుసార్లు చిన్న సుత్తితో తట్టి, పదినిమిషాలు ఆగండి. బీట ఉంటే అందులో దాక్కున్న నూనె పైకి ఊరి సుద్దమీద నల్లటి గీతగా కనబడుతుంది. మరీ సన్నని బీట దీనికీ దొరక్కపోవచ్చు. గీత కనబడలేదంటే రిమ్ముకు సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు, కనబడితే మాత్రం ఇక సందేహం లేదు.

మా వీధిలో ఒక మిత్రుడు, ఆయనా రిటైరైనవాడే, పేరు అనవసరం, స్కూటరు అమ్ముదామని రిమ్ములకు రంగు వేయడానికి నన్ను పిలిచాడు. కొనేవాడు కాలేజీ కుర్రాడు, రోజూ పాతిక కిలోమీటర్లు పోయి వచ్చేవాడు. వెనక రిమ్ముకు సుద్ద చల్లితే రెండు రంధ్రాల మధ్య గీత తేలింది. "రంగేస్తే ఎవరికి కనబడుతుందోయ్" అన్నాడు మా మిత్రుడు. నేను కుంచె కడిగేసి లేచాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున పాత సామాన్ల బజారులో రిమ్ములు ఏ దుకాణంలో దొరుకుతాయని మా అబ్బాయి చేత కబురు చేశాడు. ఇద్దరం వెళ్లి, తెచ్చినదానికి కూడా సుద్ద చల్లి చూశాక, దానికి రంగు వేశాం. పాతదాన్ని ఎవరూ మళ్లీ వాడకుండా సుత్తితో సొట్టలు పెట్టి పాత ఇనుముకు వేశాం. బీట వచ్చిన రిమ్ముకు వెల్డింగు పెట్టిస్తే సరిపోతుంది కదా అని అడిగేవారున్నారు. వద్దు. కొత్త రిమ్ము ఖర్చు ఒక రోజు ఆసుపత్రి గది అద్దె ముందు లెక్కలోది కాదు.

అసలు ఆ బీట ఎందుకు వస్తుంది? చాలావరకు నట్లు వదులు కావడం వల్ల. నట్లు వదులవడానికి ఒక కారణం మన రంగే. నట్టు బిగించడమంటే స్టడ్డును వెంట్రుకవాసి సాగదీయడం. ఆ సాగుడు బిగువే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. నట్టు కింద మందంగా, మెత్తగా ఉన్న రంగు పొర ఉంటే అది రోజురోజుకూ నలిగి పలచబడుతుంది, బిగువు పోతుంది, చక్రం కదులుతుంది, రంధ్రం సాగుతుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడూ అక్కడ రంగుంటుంది కదా అని మీరడగవచ్చు. అది పొయ్యిలో కాల్చి గట్టిపరచిన పలచని పూత. మనం కుంచెతో వేసే మూడు పూతల రంగు అలాంటిది కాదు. కనుక నట్టు కూర్చునే చోటా, డ్రమ్ముకు ఆనుకునే వెనక ముఖానా, రెండు పళ్లేలు కలిసే చోటా దట్టంగా రంగు పడనీయవద్దు. నట్టంత పాత వాషరు, ఒక బోల్టు పెట్టి ప్రతి రంధ్రాన్నీ మూసి రంగు వేయండి. కారు చక్రంలో నట్టు దిగే గరాటులాంటి పల్లం కూడా అంతే.

మిగిలింది తేలిక. పరీక్షకు పూసిన నూనెను సబ్బునీళ్లతో, ఆపైన థిన్నరు గుడ్డతో తీసేయండి, లేకపోతే ప్రైమరు అంటదు. రెడ్ ఆక్సైడ్ గాని, జింక్ ఫాస్ఫేట్ గాని అదే రోజు ఒక పలచటి పూత వేయండి. మర్నాడు 400 నంబరు పేపరుతో తేలిగ్గా రుద్ది, ఎనామెల్ రెండు పలచటి పూతలు, మధ్య ఒక రాత్రి ఎడం. ఎనామెల్ మీద డూకో రంగు వేయవద్దు, దాని థిన్నరు కింది రంగును ముడతలు పడేస్తుంది. ఆరుబయట వేయండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పని పిల్లలకు అప్పగించి దూరంగా కుర్చీలో కూర్చుని సలహాలివ్వండి, అది మనకు అలవాటైన ఉద్యోగమే. రంగు గుడ్డలను మూల కుప్పగా పడేయక తీగమీద ఆరవేయండి. కుప్పలో వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

కారు చక్రానికి టైరు ఊడదీయకుండానే వేయవచ్చు. గాలి కొంచెం తగ్గించి, రిమ్ముకూ టైరుకూ మధ్య పాత శుభలేఖలు చుట్టూ దోపండి. అట్ట దళసరిగా ఉంటుంది, రంగు టైరుకు అంటదు. మా ఇంట్లో ముప్ఫై ఏళ్ల శుభలేఖలు అలా సద్వినియోగమయ్యాయి, మా ఆవిడ ఆడపడుచు పెళ్లిది మాత్రం ఇవ్వలేదు. పని అయ్యాక గాలి మళ్లీ సరిగ్గా పట్టించాలి.

తాకితే అంటడం లేదని వెంటనే బిగించకండి. ఎనామెల్ లోపలి దాకా గట్టిపడడానికి వారం పడుతుంది. లోపలి ముఖం పచ్చిగా ఉంటే ట్యూబు అతుక్కుపోతుంది. ట్యూబుకు కాస్త టాల్కం పౌడరు రాయండి. ముందు రెండు పళ్లేలూ కలిపి బిగించి, ఆ తరువాతే గాలి పట్టాలి. నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. స్ప్రింగు వాషర్లు మరవవద్దు. స్టడ్డు మరలకు నూనె రాయవద్దు, పానా మీద ఎక్కి తొక్కవద్దు. బిగించాక నట్టు చుట్టూ బయటపడ్డ ఇనుముకు చిన్న కుంచెతో రంగు తాకించండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా వేసి చూడండి, వందకు మరోసారి. కొంచెమైనా తిరిగితే కింద రంగు నలుగుతోందన్న మాట. విప్పి, ఆ చోటు గీకి, మళ్లీ బిగించాలి.

వరండాలో ఒక పాత రిమ్ము, సీసాలో డీజిలు, రెండు సుద్దముక్కలు తెచ్చి పెట్టాను. టీ తాగాక చూపిస్తాను. స్టెప్నీతో బండి వేసుకొచ్చినవారుంటే దాన్ని కూడా పట్టుకురండి.