ఒకటవ తరగతి మొదటి వారము



జూన్ నెలలో లోయర్ ట్యాంక్ బండ్, చిక్కడపల్లి బస్తీలనుండి ఒకటవ తరగతికి వచ్చు బిడ్డకు గంట కొట్టగానే ఏమి చేయవలెనో తెలియదు. సంచి ఎక్కడ పెట్టవలెను? బయటికి వెళ్లుటకు ఎట్లు అడుగవలెను? చిన్ననాడు నేను అడుగనెరుగక బెంచీమీదనే బట్టలు తడుపుకొంటిని, బెత్తము దెబ్బలు తింటిని. ఆ బడి పేరు చెప్పను.

2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో పిల్లలను కొట్టుటయు, మనస్సు నొప్పించి వేధించుటయు నిషేధించినది. మంచిదే. అయితే బెత్తము తీసిన చోట మనమేమి పెట్టితిమి? కేకలా? వరుసలో నిలుచుట, చేయి ఎత్తుట, నీళ్లసీసా మూత బిగించుట, ఇవన్నియు అక్షరములవలెనే చేయి పట్టి దిద్దించవలసినవి, అదియు వారముల తరబడి.

మన ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, వచ్చే ఆదివారము కంఠతవాక్యమునకు ముందుగా, చిన్నపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదో చూపించుడి.