రోగి రహస్యం ఒక అమానత్



మేము పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్లం, వైద్యులం కాము. అయినా హెచ్.ఐ.వి. గురించి నాలుగు మాటలు మనవి చేయక తప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం మా తరగతిలోని ఒక కుర్రవాడి తండ్రికి ఈ వ్యాధి ఉందన్న సంగతి ఆసుపత్రి వరండాలోంచి వీధిలోకి పొక్కింది. నెల తిరక్కుండా ఆ కుటుంబం ఊరు విడిచింది. వాళ్లను తరిమింది మన నోళ్లే.

నర్సమ్మలను అడగండి, "ఎవరికుందో తెలియకపోతే మా ప్రాణాలకు రక్షణ ఏదండీ?" అంటారు. ఆ భయం న్యాయమైనదే. కాని పరీక్షే చేయించుకోనివారు ఎందరో ఉంటారు. అందుకనే ప్రతి రోగి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో చూడాలని, అవసరమైనచోట అందరికీ చేతి తొడుగులు వాడాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. సూది గుచ్చుకుంటే వెంటనే, ఎంత ఆలస్యమైనా 72 గంటలలోపు, మందు మొదలుపెట్టాలి. మంచానికి చీటీ అంటించినంత మాత్రాన రక్షణ రాదు.

మరి రోగి భార్య సంగతేమిటంటారా? 1998లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఒక యువకుని వ్యాధి సంగతి ఆసుపత్రి నుంచి బయటపడి కుదిరిన పెళ్లి ఆగిపోయింది. కాబోయే భార్య ఆరోగ్యపు హక్కునే కోర్టు పెద్దది చేసింది. తర్వాత వచ్చిన 2017 నాటి చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్నది. చట్టం చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప, రోగి అనుమతి లేనిదే అతని సంగతి బయటపెట్టకూడదు. భార్యకు ప్రమాదం ఉండి, ఎంత నచ్చజెప్పినా రోగి తానుగా చెప్పకపోతే, అతనికి ముందుగా తెలిపి డాక్టరుగానీ కౌన్సిలరుగానీ ఆమెకు చెప్పవచ్చు. ఆయాకూ, వార్డుబాయికీ, మనకూ ఆ అధికారం లేదు.

2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. రోజూ వాడితే మనిషి ఏళ్ల తరబడి కష్టం చేసుకుని బతుకుతాడు. పరువు పోతుందన్న భయమే మనిషిని ఆ మందు గడప తొక్కనివ్వదు.

ఇయాదత్‌కు వెళ్లినప్పుడు దువా చేద్దాం, రోగం పేరు ఆరా తీయవద్దు. కలిసి భోంచేస్తే ఈ వ్యాధి అంటదు. మయ్యత్‌కు గుసుల్ ఇవ్వడానికి వెనకాడవద్దు, చేతి తొడుగులు వేసుకుంటే చాలు.

మన చెవిన పడ్డ రహస్యం అమానత్. దాన్ని కాపాడే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.