దాది గొంతు, చేతిలో ఫోన్
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత తండాల యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

జై సేవాలాల్!



పాత పనిముట్లు, కొత్త పనిముట్లు రెండింటినీ రోజువారీ బతుకులో ఎట్లా కలుపుకోవాలో చెప్పమన్నారు. తండాలో ఈ పంచాయితీ రోజూ నడిచేదే. పెద్దలు "ఫోన్లు వచ్చి పిల్లలు పాడైపోయిన్రు" అంటారు. పిల్లలు "మీకేం తెల్వది, ఊకోండి" అంటారు. రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది. మిగతా సగం కోసమే ఈ నాలుగు మాటలు.

ముందుగా మేము చేసిన ఒక తప్పు చెప్పుకుంటాం. కొన్నేళ్ల కింద మేము నలుగురం కలిసి ఒక తండాకు పోయి, ఎనభై దాటిన ఒక దాది దగ్గర ఢావ్లో పాటలు రికార్డు చేసుకున్నాం. పెళ్లికూతురు పుట్టిల్లు విడిచిపోయేటప్పుడు ఏడుస్తూ పాడే పాటలవి. ఆ రోజు పదకొండు పాటలు పాడింది. అన్నీ మాలో ఒకరి ఫోన్‌లోనే ఉన్నాయి. ఇంకో ఫోన్‌లోకి పంపుకోవాలని ఎవరికీ తోచలేదు. వానాకాలంలో ఆ ఫోన్ పొలం నీళ్లల్లో పడ్డది. రిపేరు షాపులో "బోర్డు పోయింది, అందులోవి ఇక రావు" అన్నారు. మళ్లీ పోయి పాడించుకుందాం అనుకున్నాం. నాట్లు వచ్చినయి, కోతలు వచ్చినయి. ఈలోపు దాది కాలం చేసింది.

దినాలకు పోయినప్పుడు ఆమె మనవరాలు రెండు పాటలు పాడింది. మేము రికార్డు చేసిన రోజు పక్కన రొట్టెలు చేస్తూ విన్నదట. తర్వాత దాది దగ్గర కూర్చొని నేర్చుకున్నదట. పదకొండింటిలో ఇప్పుడు ఉన్నవి ఆ రెండే. ఫోన్‌ను నమ్మి మేము పోగొట్టుకున్నాం, చెవిని నమ్మి ఆ పిల్ల నిలబెట్టుకుంది. అయినా దోషం ఫోన్‌ది కాదు, మాది. ఆ పాటలు మరో రెండు ఫోన్లలో ఉంటే పదకొండూ ఉండేవి. పక్కన నేర్చుకునే పిల్లలు ఇంకో నలుగురు ఉన్నా ఉండేవి.

కొత్త యంత్రం మనకు ఎదురు కావడం ఇది మొదటిసారి కాదు. మన తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగినవాళ్లు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేర్చింది కూడా బంజారాల ఎద్దుల బిడారులే. తర్వాత రోడ్లు వచ్చినయి, రైళ్లు వచ్చినయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. వంద ఎద్దులు నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో మోసేసింది. మన బేరం పోయింది. అంతటితో ఆగలేదు. తిరిగే జాతులన్నిటినీ అనుమానంగా చూసిన కాలమది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, దాని వెంట వచ్చిన చట్టాలు పలుచోట్ల మనవాళ్ల నెత్తిన కూడా నేరస్థుల ముద్ర వేసినయి.

రైలు చెడ్డదని ఈ మాట చెప్పడం లేదు. ఆ రైలులో మనకు పెట్టుబడి లేదు, ఉద్యోగం లేదు, దాన్ని నడిపే చదువు లేదు. యంత్రం ఇంకొకరి చేతిలో ఉండి, మన చేతిలో ఏమీ లేనప్పుడు ఏమవుతుందో మన జాతి చూసింది. అందుకే కొత్తది వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోవాలి. దీని పగ్గం ఎవరి చేతిలో ఉంది?

మన పక్కనున్న సిరిసిల్లనే చూడండి. 1970లో అక్కడ సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనం సెస్ అని పిలిచేది, మొదలైంది. కరెంటుతో మరమగ్గాలు పెరిగినయి. ఇప్పుడు వేల మరమగ్గాలు నడుస్తున్నాయి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు ఆ మగ్గాలకు పని దొరికింది. ఆర్డరు ఆగినప్పుడల్లా కార్మికుల ఇండ్లల్లో పొయ్యి ఆరిన సంగతీ మీకు తెలుసు. అదే ఊళ్లో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. ఆయన కొడుకు విజయ్ ఆ పని కొనసాగిస్తున్నారు. ఇంకొక నేతన్న వెల్ది హరిప్రసాద్ జీ-20 గుర్తును చేత్తో నేసి పంపితే, 2022 నవంబరులో ప్రధానమంత్రి రేడియోలో ఆయన పేరు చెప్పారు. లక్షల మీటర్ల బట్ట కావాలంటే మరమగ్గమే నేయాలి. మరమగ్గం చేయలేని పని చేతిమగ్గం చేస్తుంది. మన యాడీలు అద్దాలు, గవ్వలు కుట్టే కాంచ్లి కూడా అంతే. మిషన్ కుట్టిన నకలు సంతలో చవకగా దొరుకుతుంది. కానీ చేతి కుట్టు విలువ తెలిసినవాళ్లు ఇప్పుడు ఊళ్లో లేకపోయినా ఫోన్‌లో దొరుకుతారు. కుట్టేది యాడి అయితే, ఫొటో తీసి, ధర మాట్లాడి, డబ్బులు ఆమె ఖాతాలోనే పడేటట్టు చూసే పని మీది.

కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపు పొలాల్లో పనికి పోయేవాళ్లకు ఇంకొక సంగతి బాగా తెలుసు. వెనకట పెద్ద ఇనుప కడాయిల్లో పసుపు ఉడకబెట్టేవాళ్లు. కట్టెలు ఎక్కువ, పొగ ఎక్కువ, రాత్రంతా జాగారం. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చినయి. పని తొందరగా అవుతుంది, పసుపు సమంగా ఉడుకుతుంది. కొమ్ములను చేత్తో రుద్దే కష్టం తిరిగే డ్రమ్ములు వచ్చాక తప్పింది. ఆ కష్టం పోయినందుకు ఎవరూ బాధపడక్కరలేదు. కానీ ఉడికిందా లేదా అని ఇప్పటికీ ఎట్లా చూస్తారు? వాసన పట్టి, పుల్లతో గుచ్చి, వేలితో నొక్కి చూస్తారు. ఎండిందా లేదా అని కొమ్ము విరిచి చప్పుడు వింటారు. బాయిలర్ అరవ చాకిరీని తీసేసింది, తెలివిని తీసెయ్యలేదు. మనమూ ఇట్లాగే లెక్క వేసుకోవాలి. చాకిరీ యంత్రానికి ఇయ్యండి. తెలివి మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు భూమి మాట. వీర్నపల్లి, రుద్రంగి, మర్రిమడ్ల దిక్కు నుంచి వచ్చినవాళ్లు ఇది జాగ్రత్తగా వినాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి హక్కు అడిగే వీలుంది. దానికి సాక్ష్యం ఏమిటి? నియమాలలో ఒక జాబితా ఉంది. ప్రభుత్వ కాగితాలతో పాటు, హక్కు అడిగినవాళ్లు కాకుండా ఇతర పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమే. 2012లో ఆ నియమాలను సవరించినప్పుడు ఇంకొక మాట చేర్చారు. ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు కానీ, వాటికి బదులు కాలేవు. అంటే ఆకాశం నుంచి తీసిన ఫొటో ఒక్కటే చూపించి మన తాత మాటను పక్కన పెట్టడానికి లేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టిన నియమం ఇది. దీన్ని ఎంతమంది చదివారు? రీల్స్ చూసే అదే ఫోన్‌లో ఈ చట్టం ఉంది.

అట్లాగే పట్టా భూముల రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారినయి. పోర్టల్ మారినప్పుడల్లా మన ఇండ్లల్లో గాబరా. తాత ఇనుప పెట్టెలో దాచిన పాత పాస్‌బుక్, శిస్తు రసీదు "ఇక పనికిరావు" అని పారేయకండి. ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి, అసలు కాగితం పెట్టెలోనే ఉంచండి. ఆన్‌లైన్‌లో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో మీరే చూసి ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

చివరగా మన భాష. గోర్‌బోలికి అందరూ వాడే సొంత లిపి లేదు. తెలుగు లిపిలో హాయిగా రాసుకోవచ్చు. గోండు సోదరులను చూడండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత గోండి రాతప్రతులు 2006లో బయటపడ్డాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఊరి ఇండ్లల్లో నిలిచిన రాత ఇప్పుడు కంప్యూటర్‌లో టైపు అవుతుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనే అనువాద సాధనం మొదలుపెట్టింది. సంతాలీ, భిలీ, ముండారీ, గోండి భాషలతో అది మొదలైంది. ఆ మొదటి నాలుగింటిలో మన గోర్‌బోలి లేదు. యంత్రం గాలిలోంచి భాష నేర్చుకోదు. ఎవరో మాట్లాడి, ఎవరో రాసిపెడితేనే నేర్చుకుంటుంది. రేపు మన భాష ఫోన్‌కు రావాలంటే ఈ రోజు మన నోట్లో ఉండాలి. ఇంట్లో పిల్లలతో తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడి, సేవాలాల్ జయంతి నాడు స్టేటస్ పెడితే భాష బతకదు.

అందుకని తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు ఇంటికి పోయి చేయవలసినవి నాలుగు.

ఒకటి. మీ ఇంట్లో ముసలివాళ్ల పాట గానీ, కథ గానీ ఒకటి రికార్డు చేయండి. ఎవరు పాడారు, ఏ తండా, ఏ తేదీ అన్నది ముందే చెప్పించండి. మూడు చోట్ల దాచండి. వాళ్లకు ఇష్టం లేకుండా ఎక్కడా పెట్టకండి.

రెండు. రికార్డు చేసిన పాటను మీరు కూడా నేర్చుకోండి. ఫోన్‌లో ఉన్నది దాచుకున్నట్టు, నోటికి వచ్చినది బతికించినట్టు.

మూడు. పింఛను డబ్బులకు వేలిముద్ర వేసే తాత పక్కన నిలబడి, ఎంత తీశారో, ఎంత మిగిలిందో చదివి చెప్పండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నేర్పండి. మోసం జరిగితే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నాలుగు. పొద్దుగూకినాక ఒక గంట ఫోన్లు పక్కన పెట్టి, ఇంట్లో గోర్‌బోలిలో మాట్లాడుకోండి. తీజ్ నాడు గోధుమ మొలకలకు రోజూ నీళ్లు పోసినట్టే భాషకు కూడా రోజూ పోయాలి.

ఆ దాది మనవరాలు ఈ రోజు మన మధ్యనే కూర్చొని ఉంది. ఈ మాటలు అయిపోగానే ఆ రెండు పాటలు పాడుతుంది. అందరూ ఫోన్లు తీయండి, రికార్డు చేసుకోండి, మేమే చెప్తున్నాం. రెండోసారి పాడినప్పుడు మాత్రం ఫోన్లు జేబులో పెట్టి, ఆమెతో పాటు పాడండి.

జై సేవాలాల్!